జంపు ఎక్కడ తప్పుతోంది: పాత గేమ్‌బాయ్ అడ్వాన్స్‌లో 'అల్లాదీన్' ఆడించిన డైరీ

పని ఇదీ

డిస్నీ 1992లో తీసిన 'అల్లాదీన్' యానిమేషన్ సినిమా మీద జపాన్ కంపెనీ క్యాప్‌కామ్ 1993లో టీవీకి తగిలించే సూపర్ నింటెండో మెషీన్ కోసం ఒక వీడియో ఆట చేసింది. పదేళ్లు గడిచాక అదే ఆటని నింటెండో వాళ్ల చేతి మెషీన్ గేమ్‌బాయ్ అడ్వాన్స్‌లోకి దించింది. ఆట ఉండే ఆ చిన్న కార్ట్రిడ్జ్ డబ్బీని అసలు మెషీన్‌లోనే, రెండు పెన్సిల్ సెల్లతో, మార్కెట్ వీధి నుంచి చివర విలన్ జాఫర్ మారే పాము దాకా ఆడగలిగేలా చేయడం ఈ పని. పాత ఆటల్ని కంప్యూటర్‌లో నడిపే ఎమ్యులేటర్‌లో అయితే ఐదు నిమిషాల్లో అయిపోయేది. ఇక్కడ కావలసింది చేతిలో పట్టుకుని ఆడే ఆట.

మెషీన్ వెనకాల స్టిక్కర్ మీద ఏజీబీ-001 అని ఉంది, అంటే 2001లో వచ్చిన మొదటి మోడల్. 2.9 అంగుళాల తెర, 240 అడ్డం, 160 నిలువు చుక్కలు. తెరకి సొంత లైటు లేదు. మూలన పడి ఉన్న సెట్టు కాబట్టి అమ్మినవాళ్లు 'పనిచేస్తుంది' అన్న మాటని 'ఆన్ అవుతుంది' అనే అర్థంలోనే తీసుకున్నాం.

మొదటి పూట: కార్ట్రిడ్జ్

ముందు ఏ 'అల్లాదీన్' కొంటున్నామో చూసుకోవాలి. 1993లో ఈ సినిమా మీద రెండు వేర్వేరు ఆటలు వచ్చాయి. సెగా మెషీన్‌కి వర్జిన్ వాళ్లు చేసినదాంట్లో అల్లాదీన్ చేతిలో కత్తి ఉంటుంది. క్యాప్‌కామ్ ఆటలో కత్తి లేదు, యాపిల్ పళ్లు విసరడం, శత్రువు తల మీద గెంతడం, అంతే. పాత గేమ్‌బాయ్, గేమ్‌బాయ్ కలర్ కార్ట్రిడ్జులు కత్తి ఆటకి తమ్ముళ్లు. గేమ్‌బాయ్ అడ్వాన్స్‌లో అవి కూడా దూరతాయి, ఆడతాయి. అందుకే పేరు చూసి కొని మోసపోయామనుకునేవాళ్లు ఉంటారు. సైజు చూస్తే చాలు: అడ్వాన్స్ కార్ట్రిడ్జ్ పాత గేమ్‌బాయ్ కార్ట్రిడ్జ్‌లో సుమారు సగం ఎత్తే ఉంటుంది.

రెండోది నకిలీ. ఈ తరం కార్ట్రిడ్జుల్లో నకిలీలు కుప్పలు. విప్పకుండానే మూడు చోట్ల చూడొచ్చు. లేబుల్‌ని వెలుతురులో వాలుగా పట్టుకుంటే అసలుదాని మీద రెండంకెల ముద్ర అచ్చు కాకుండా నొక్కినట్టు లోతుగా కనిపిస్తుంది. కింద పిన్నుల వైపు నుంచి తొంగి చూస్తే పిన్నులకి పైన బోర్డు మీద నింటెండో పేరు ముద్రించి ఉంటుంది. వెనక స్క్రూ మూడు రెక్కల తలతో ఉంటుంది. మా దగ్గరున్నది మూడింటిలోనూ నెగ్గింది.

పిన్నులు 32. అప్పటికే నల్లబడి ఉన్నాయి. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ఇయర్‌బడ్ ముంచి, పిండి, పిన్ను పొడవునా పైకీ కిందకీ తుడవాలి. అడ్డంగా రుద్దితే మురికి ఒక పిన్ను నుంచి పక్కదానికి పాకుతుంది. నాలుగు బడ్లు నల్లగా వచ్చాయి, ఐదోది తెల్లగా వచ్చింది, అక్కడ ఆపాం. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి ఈ ఆల్కహాల్, అతుకులు వేయడానికి ఫ్లక్స్, సన్న సోల్డర్ తీగ అన్నీ కోఠి గుజరాతీ గల్లీలో ఒకే వరసలో దొరుకుతాయి. మందుల షాపులో ఇచ్చే స్పిరిట్‌లో నీళ్ల పాలు ఎక్కువ, అందుకే ఆరడం ఆలస్యం. దొరకకపోతే అదే వాడి, ఒక రాత్రంతా ఆరబెట్టండి.

నోటితో ఊదడం మాత్రం వద్దు. ఉమ్మి తుంపరలతోనే పిన్నులకి చిలుము మొదలవుతుంది.

అదే పూట, దీపం పెట్టాక: ఏమీ విప్పకుండా ఆడి చూడటం

విప్పేముందు తప్పులన్నీ కాగితం మీద పెట్టుకోకపోతే, తర్వాత ఏది బాగుపడిందో ఏది మనమే పాడుచేశామో తెలియదు. మొదటి స్టేజి, సినిమాలోని అగ్రబా ఊరి మార్కెట్, మూడుసార్లు ఆడాం. మూడుసార్లూ ఎక్కడ చచ్చామో, ఎందుకో రాశాం.

మొత్తం 11 చావులు. అందులో 4 జంపు బటన్ నొక్కినా మనిషి లేవకపోవడం వల్ల. 2 మెషీన్ దానంతటదే ఆరిపోయి మళ్లీ మొదటికొచ్చినవి, వీటిని చావులని అనడం కూడా అన్యాయమే. 3 కింద ఏముందో కనిపించక దూకినవి. మిగతా రెండూ చేతగానితనం.

ఈ లెక్క వేశాకే పని వరస తెలిసింది. జంపు తప్పితే ఎవరైనా ముందు తమ వేలిని తిట్టుకుంటారు. ఇక్కడ 11లో 6 తప్పులు మెషీన్‌వే. తెర మసకగా ఉందని అందరూ ముందు తెర మార్చేస్తారు, అది తప్పు వరస. ఎందుకో రెండో పూటలో ఉంది.

ఒక గమనిక. ఆన్ చేయగానే గేమ్‌బాయ్ అక్షరాలు వచ్చి, ఆటలోకి వెళ్లకుండా అక్కడే నిలబడిపోతే అది పిన్నుల తంటా. అలా కాక పాత గేమ్‌బాయ్ ఆటకి వచ్చే లోగో వస్తే కార్ట్రిడ్జ్ గూట్లో ఉండే చిన్న మీట ఇరుక్కుపోయిందన్నమాట. పాత కార్ట్రిడ్జులు తమ ఆకారంతో ఆ మీటని నొక్కుతాయి, అప్పుడు మెషీన్ పాత పద్ధతిలోకి మారి 5 వోల్టులు ఇస్తుంది. అడ్వాన్స్ కార్ట్రిడ్జ్‌కి 3.3 వోల్టులే, అది మీటని తాకదు. టూత్‌పిక్‌తో ఆ మీట స్ప్రింగులా వెనక్కి వస్తోందో లేదో చూడండి. మా దాంట్లో బాగానే ఉంది.

రెండో పూట: సెల్ల గూడు, స్విచ్

సెల్ల గూట్లో స్ప్రింగు దగ్గర తెల్లటి పొడి, దాని అంచున నీలం-పచ్చ చిలుము. ఆల్కలైన్ సెల్ కారితే బయటికొచ్చేది క్షారం, కాబట్టి దాన్ని చంపడానికి పులుపు కావాలి. తెల్ల వెనిగర్‌లో ఇయర్‌బడ్ తడిపి అద్దితే బుసబుసా పొంగుతుంది. పొంగడం ఆగేదాకా అద్ది, మంచినీళ్ల బడ్‌తో ఒకసారి, ఆల్కహాల్‌తో ఇంకోసారి తుడవాలి. వెనిగర్‌ని అలాగే వదిలేస్తే నెల తిరిగేలోపు అదే రేకుని తినడం మొదలుపెడుతుంది. నిమ్మరసం వాడమని చెప్పేవాళ్లున్నారు, కానీ దాని పిప్పీ చక్కెరా స్ప్రింగు చుట్లలో ఉండిపోతాయి.

ఇక స్విచ్. ఆరిపోయి మొదటికి రావడానికి అసలు దొంగ ఇదే. మల్టీమీటర్‌తో పట్టుకున్నాం. కొత్తగా చార్జ్ చేసిన రెండు నికెల్ సెల్లు వేసి ఆట నడుస్తుండగా సెల్ల కొసల దగ్గర కొలిస్తే 2.6 వోల్టులు. స్విచ్ దాటాక బోర్డు మీద కొలిస్తే 2.3. అంటే 0.3 వోల్టు స్విచ్‌లోనే ఆవిరైపోతోంది. ఆన్ చేసి ఉన్న స్విచ్‌లో ఇంచుమించు సున్నా ఉండాలి.

ఈ 0.3 చిన్నదిగా కనిపిస్తుంది. లెక్క చూడండి. మంచి ఆల్కలైన్ సెల్లతో ఈ మెషీన్ 15 గంటలు నడుస్తుందని నింటెండో చెప్పింది. దాన్నిబట్టి లాగే కరెంటు సుమారు 150 మిల్లీ ఆంపియర్లు. 0.3ని 0.15తో భాగిస్తే 2 ఓములు. ఆ రెండు ఓముల మురికి మీద లైటున్న కొత్త తెర పెడితే కరెంటు పెరుగుతుంది. రెట్టింపైందనుకుంటే 0.6 వోల్టు పోతుంది. 2.4 వోల్టుల సెల్లలో 0.6 పోతే మిగిలేది 1.8, దాంతో మెషీన్ నిలబడదు. కొత్త తెర కిట్ పెట్టాక 'కిట్ చెడ్డది, ఆరిపోతోంది' అనే గోడు చాలాసార్లు ఇక్కడినుంచే వస్తుంది. స్విచ్ కడగకుండా తెర జోలికి పోవద్దన్నది అందుకే.

కడగడం ఇలా: సెల్లు తీసేసి, స్విచ్ మీట పక్క సందులో ఆల్కహాల్ రెండు చుక్కలు. మీటని 30 సార్లు అటూ ఇటూ తోయాలి. ఐదు నిమిషాలు ఆగి ఇంకో రెండు చుక్కలు, ఇంకో 30 సార్లు. ఇలా మూడు విడతలు. గంట ఆరాక కొలిస్తే 0.08 వోల్టుకి దిగింది. మర్నాడు విప్పాక లోపలి వైపు నుంచి మళ్లీ చేస్తే 0.02. అప్పటికీ దిగకపోతే స్విచ్‌ని సోల్డర్ తీసి రేకు మూత విప్పి గీకాలి, లేదా కొత్తది వేయాలి. తలుపు బందులకి కొట్టే తుప్పు నూనె స్ప్రేలు ఇందులో కొట్టకండి. ఆ పూటకి బాగైనట్టుంటుంది గానీ నూనె పొర దుమ్ముని పట్టేస్తుంది.

మూడో పూట: విప్పడం, రబ్బర్లు

వెనక ఆరు మూడు రెక్కల స్క్రూలు, సెల్ల గూట్లో ఒకటి మామూలు ప్లస్ స్క్రూ. మూడు రెక్కలవాటికి సరైన కొన ఉన్న డ్రైవర్ కొనండి. చిన్న ప్లస్‌తో తిప్పితే రెండు రెక్కలు మాత్రమే పట్టి, మూడోది అరిగి, స్క్రూ తల గుండ్రమైపోతుంది. ఆ ఏడో స్క్రూని మరిచిపోయి లాగి డబ్బా విరగ్గొట్టడం ఈ మెషీన్ విప్పేవాళ్లు చేసే మామూలు తప్పు.

డబ్బా తెరిచేటప్పుడు మెషీన్‌ని బోర్లా పెట్టి వెనక భాగం ఎత్తాలి. పైనున్న రెండు భుజాల బటన్లు, వాటి సన్న ఇరుసూ స్ప్రింగూ అక్కడే వదులుగా ఉంటాయి. కింద తెల్ల తువ్వాలు పరిస్తే ఎగిరినా దొరుకుతాయి. చేతులు మారకముందే ఫోన్‌తో ఫొటో తీసుకోండి.

బోర్డుని పట్టుకున్న చిన్న ప్లస్ స్క్రూలు తీశాక ఒక్కసారిగా లాగకూడదు. తెర రిబ్బన్ బోర్డుకి ఒక గూట్లో దిగి ఉంటుంది. ఆ గూటికి రెండు చివరలా చిన్న చెవులుంటాయి. రెండింటినీ గోటితో ఒకేసారి, మిల్లీమీటరు మేర, బయటికి జరపాలి. ఒక చెవిని మాత్రమే జరిపితే రెండోది విరుగుతుంది. విరిగితే రిబ్బన్ ఎప్పటికీ వదులే, తెర తెల్లగా పోవడమో గీతలు రావడమో ఖాయం. స్పీకర్ తీగలు బోర్డుకే సోల్డర్ అయి ఉన్నాయి. బోర్డుతో పాటు స్పీకర్‌ని కూడా పైకి తీసి పక్కన ఆనించాలి, వేలాడనివ్వకూడదు.

బటన్ల కింద ఉండే రబ్బరు ఒత్తులు ఇక్కడి ముఖ్య విషయం. ఒత్తు అడుగున నల్లటి కార్బన్ బిళ్ల ఉంటుంది, అది బోర్డు మీది రెండు దారుల్ని కలుపుతుంది. మీటర్ ముల్లులు రెండూ బిళ్ల మీద 2 మిల్లీమీటర్ల ఎడంగా ఆనిస్తే విసిరే బటన్ కింద 300 ఓములు, జంపు బటన్ కింద 9 కిలో ఓములు చూపించింది. ఈ ఆటలో ఎక్కువ నొక్కేది జంపే కాబట్టి అరిగింది కూడా అదే. 9 కిలో ఓముల్లో గట్టిగా నొక్కితే పనిచేస్తుంది, వేలు తేలిగ్గా తగిలితే చేయదు. అందుకే 'నొక్కాను కానీ లేవలేదు'.

బిళ్ల మీద పెన్సిల్ ముక్కు రుద్దే చిట్కా వారం రోజులు పనిచేస్తుంది. తర్వాత ఆ గ్రాఫైట్ పొడి బోర్డు మీద రాలి లేని నొక్కుళ్లు పుట్టిస్తుంది. కొత్త రబ్బర్ల సెట్టు వేశాం. బోర్డు మీద బిళ్ల తగిలే చోటుని ఆల్కహాల్ బడ్‌తో ఒకసారి తుడవడం చాలు, గీకడం, ఎరేజర్‌తో రుద్దడం వద్దు. దిశల బటన్ పెట్టేటప్పుడు రబ్బరు చిల్లులు డబ్బా పుల్లల మీదికి పూర్తిగా దిగాయో చూడాలి. ఒక పక్క ఎత్తుగా ఉంటే కుడికి నడిచే అల్లాదీన్ మధ్యమధ్య వంగి కూర్చుంటాడు, అంటే కిందికి కూడా తగులుతోందని.

ఇక్కడ ఆగి, పాత తెరతోనే మూసి, మార్కెట్ స్టేజి మళ్లీ మూడుసార్లు ఆడాం. చావులు 11 నుంచి 5. ఆరిపోవడం లేదు, లేవని జంపు లేదు. ఇంకా తెర మీద పైసా పెట్టలేదు.

నాలుగో పూట: తెర

పాత తెర బయటి వెలుతురుని తిప్పికొట్టి బొమ్మ చూపిస్తుంది. పగలు వరండాలో మార్కెట్ స్టేజి హాయిగా కనిపిస్తుంది, ఆకాశం, పందిళ్లు, పళ్లు. రెండో స్టేజి అద్భుత గుహలోకి వెళ్లగానే నల్ల రాయి, నల్ల గోడ, నల్ల గొయ్యి అన్నీ ఒకటే ముద్ద. ట్యూబులైటు కింద అయితే మొహమే కనిపిస్తుంది, అల్లాదీన్‌ది కాదు, ఆడేవాళ్లది.

పెట్టింది వెనక లైటున్న ఐపీఎస్ తెర (ఏ పక్క నుంచి చూసినా రంగు మారని రకం) కిట్. కొనేముందు చూడాల్సిన అంకె 720 × 480. 240ని 3తో, 160ని 3తో హెచ్చిస్తే సరిగ్గా అదే వస్తుంది, కాబట్టి ఆటలో ఒక చుక్క తెర మీద 3 × 3 చుక్కలవుతుంది. హెచ్చింపు పూర్ణ సంఖ్య కాకపోతే అల్లాదీన్ కళ్లు ఒక్కో అడుగుకి ఒక్కో సైజులో కనిపిస్తాయి. రెండోది రిబ్బన్: ఈ మోడల్ బోర్డుల్లో 40 పిన్నులవీ 32 పిన్నులవీ రెండు రకాలున్నాయి. చాలా కిట్లలో రెండు రిబ్బన్లూ ఇస్తారు, లేకపోతే విప్పి లెక్కపెట్టాకే ఆర్డర్ చేయండి. మాది 40.

పాత డబ్బాలోనే పెట్టాలంటే లోపల తెర చుట్టూ ఉన్న ప్లాస్టిక్ గట్లు కోయాలి. బల్లపరుపు కటింగ్ ప్లయర్‌తో కొంచెం కొంచెంగా కొరికి, 240 నంబరు ఉప్పు కాగితంతో చదును చేశాం. ఒక్కసారిగా కొరికితే పగులు ముందు వైపుకి పాకుతుంది. కొత్త తెర వెనకంతా కరెంటు పారనివ్వని కాప్టన్ టేప్ అతికించాలి. బోర్డు మీది సోల్డర్ కొసలు తెర వెనక రేకుకి తగిలితే షార్ట్. ఇది మాత్రం వదిలేయకండి.

పాత ప్లాస్టిక్ అద్దాన్ని ఆల్కహాల్‌తో తుడవకూడదు. అక్రిలిక్‌కి అది తగిలితే వెంట్రుకలాంటి పగుళ్లు వస్తాయి. సబ్బు నీళ్లు చాలు.

కాంతి పెంచి తగ్గించడానికి మూడు తీగలు సోల్డర్ చేయాలి. బోర్డు మీద పరీక్ష బిళ్లలకి పేర్లున్నాయి: సెలెక్ట్ టీపీ2, కుడి భుజం టీపీ8, ఎడమ భుజం టీపీ9. ఈ అంకెలు గుర్తుండటానికి చిన్న దారి ఉంది. లోపల బటన్ల వరసే ఇది: ఏ 0, బీ 1, సెలెక్ట్ 2, స్టార్ట్ 3, కుడి 4, ఎడమ 5, పైకి 6, కిందికి 7, కుడి భుజం 8, ఎడమ భుజం 9. సోల్డరింగ్ ఐరన్ కొన 320 డిగ్రీలు, బిళ్ల మీద ముందే కొద్దిగా సోల్డర్, తీగ కొస మీద కొద్దిగా, రెండు సెకన్లలో తాకించి తీసేయాలి. నాలుగైదు సెకన్లు పట్టుకుంటే బిళ్ల బోర్డు నుంచి లేచిపోతుంది.

అదే రాత్రి: గీతలు

మూయకముందు సెల్లు వేసి ఆన్ చేస్తే బొమ్మ వచ్చింది, కుడివైపు నిలువు గీతలతో. రిబ్బన్ వంకరగా దిగింది. చూడటానికి నిటారుగానే ఉంది, కానీ ఒక పక్క బంగారు కొసలు గూటి బయట వెంట్రుక మందాన ఎక్కువ కనిపిస్తున్నాయి. చెవులు జరిపి తీసి, రెండు వైపులా సమంగా దిగేలా నొక్కి, చెవులు ఒకేసారి మూస్తే పోయాయి. స్క్రూలన్నీ బిగించాక చూసుకుని ఉంటే గంట వృథా. తెర మీది పారదర్శక పొరని చిట్టచివర, అద్దం అతికించే క్షణంలో తీయాలి. దుమ్ము పడితే అతుకు టేపు ముక్కతో తాకించి ఎత్తండి, గుడ్డతో తుడిస్తే ఇంకో నాలుగు వచ్చి పడతాయి.

స్క్రూలు బిగించేటప్పుడు ముందు వెనక్కి తిప్పి, 'టక్' మని పాత మరలో పడ్డాక ముందుకి తిప్పాలి. లేకపోతే ప్లాస్టిక్‌లో కొత్త మర తొలిచి రెండోసారికి వదులైపోతుంది.

ఐదో పూట: మొదటి నుంచి చివరి దాకా

సెల్లు: చార్జ్ చేసిన నికెల్ రెండు. కాంతి మధ్య మెట్టు. ఆపకుండా ఆట.

మార్కెట్. మొదట కంటికి తగిలేది రంగు వెలవెలబోవడం. ఇది కిట్ లోపం కాదు. ఆ కాలంలో లైటులేని తెర కోసమని ఈ మెషీన్ ఆటల్లో చాలావాటికి రంగుల్ని కావాలనే లేతగా, వెలుగ్గా చేసేవారు. అవే రంగులు వెలిగే తెర మీద పాలు ఎక్కువైన టీలా ఉంటాయి. కాంతి రెండు మెట్లు తగ్గిస్తే సగం సర్దుకుంటుంది, సెల్లు కూడా మిగులుతాయి. యాపిల్ తగిలితే చాలామంది శత్రువులు కాసేపు దిమ్మెరపోతారు, అంతే. పని పూర్తి కావాలంటే తల మీద గెంతాలి. గెంతి పైకి లేచే ఆ ఊపుని వాడుకుని అందని అరుగు అందుకోవడమే ఈ ఆట రుచి. కొత్త రబ్బరుతో ఇది మొదటిసారి మనం అనుకున్న క్షణంలో జరిగింది.

కనిపించక దూకిన ఆ 3 చావుల సంగతి ఇక్కడ తేలింది. తెర మారాక కూడా అదే చోట రెండుసార్లు చచ్చాం. సూపర్ నింటెండోలో బొమ్మ 256 × 224. ఇక్కడ 240 × 160. అడ్డంలో పోయింది 16 చుక్కలే, నిలువులో 64, అంటే నాలుగో వంతు కంటే ఎక్కువ. ఆ స్టేజీలు 224 ఎత్తుని చూసి కట్టినవి. పైన మిద్దె మీద నిలబడితే అక్కడ కనిపించిన కింది అరుగు ఇక్కడ తెర బయట ఉంటుంది. ఏ కిట్ పెట్టినా ఇది మారదు. దీనికి ఆటలోనే మందుంది. దుప్పటి దొరికాక తెలియని చోటికి దాన్ని తెరిచే దిగాలి. బటన్ పట్టుకుని ఉన్నంతసేపు మెల్లగా జారుతాడు, కింద అంచు కనిపించాక అటువైపు జరగడానికి వ్యవధి ఉంటుంది. గుడ్డిగా దూకాల్సి వస్తే అంచు చివర నుంచి దూకకండి. ఒక అడుగు వెనక నుంచి దూకితే గోడకి దగ్గరగా పడతాడు, పట్టుకోవడానికి ఏదైనా ఉంటే దొరుకుతుంది.

గుహ. తెర డబ్బులు ఇక్కడ గిట్టాయి. గొయ్యి అంచు, రాతి మెట్టు విడివిడిగా కనిపిస్తున్నాయి. చావులు సున్నా.

తివాచీ మీద పారిపోయే భాగం వేరే పరీక్ష. తెర దానంతటదే వేగంగా అడ్డంగా జరుగుతుంది, వెనక లావా తరుముతుంది. అడ్వాన్స్ సెకనుకి 59.73 బొమ్మలు పంపుతుంది. కొత్త తెర తన లెక్కలో తాను గీస్తుంది. ఆ రెండు వేగాలు కలవని చోట బొమ్మ అడ్డంగా చిరిగినట్టు ఒక గీత పాకుతుంది. మార్కెట్‌లో ఎవరికీ కనిపించని ఈ చిరుగు తివాచీ మీద ఒకటి రెండుసార్లు కనిపించింది. కిట్ కొన్నాక పరీక్షించడానికి ఇంతకంటే మంచి చోటు ఈ కార్ట్రిడ్జ్‌లో లేదు. పాత తెరకి చిరుగు లేదు గానీ బండలకి వెనక నీడ తోక ఉండేది, రెండింటిలో ఏది నయమో ఆడేవాళ్ల ఇష్టం. చిరుగుతో ఆడొచ్చు. తోకతో బండ అసలు అంచు ఎక్కడో తెలియదు.

దీపం లోపలి జీనీ లోకం, పిరమిడ్ గురించి మెషీన్ పరంగా చెప్పుకోదగ్గది లేదు. పిరమిడ్ సినిమాలో లేని స్టేజి, క్యాప్‌కామ్ సొంత సరుకు. జాగ్రత్తగా ఆడేవాళ్లు ఎర్ర రత్నాలు వెతకడం మొదటి స్టేజి నుంచే మొదలుపెట్టాలి. దారిలో ఉండవు, పక్క సందుల్లో ఉంటాయి.

జాస్మిన్‌తో రాత్రి తివాచీ షికారులో ఒక చప్పుడు బయటపడింది. పాట మెల్లగా సాగేచోట సన్నటి కీచు. తెర లైటుని సెకనుకి వందలసార్లు ఆర్పి వెలిగించి కాంతి తగ్గిస్తారు, ఆ తాళమే స్పీకర్‌లోకి జొరబడుతోంది. నాలుగో మెట్టులో ఉంది, మూడులో లేదు, ఐదులో చాలా తక్కువ. స్పీకర్ తీగల్ని తెర రిబ్బన్‌కి దూరంగా డబ్బా అంచు వెంబడి తిప్పి టేపు వేశాం. తగ్గింది, పోలేదు. మూడో మెట్టులోనే ఆడుతున్నాం.

జాఫర్ కోట. మొదటి రూపం పడ్డాక పాము లేస్తుంది, అప్పుడే మెషీన్ మీద సెల్ల బలం చూపే చిన్న దీపం పచ్చ నుంచి ఎరుపుకి తిరిగింది. నికెల్ సెల్ 1.2 వోల్టులే కాబట్టి 1.5 ఆల్కలైన్‌ని బట్టి పెట్టిన ఆ దీపం తొందరగానే భయపడుతుంది. ఎరుపు పడ్డాక కూడా ఆట నడుస్తుంది. కాంతిని అడుగు మెట్టుకి దించగానే దీపం మళ్లీ పచ్చబడింది. పాము తల తెర పైఅంచులోంచి సగమే కనిపిస్తుంది, మళ్లీ ఆ 64 చుక్కలే. తల కిందికి వచ్చేదాకా ఆగి గెంతాలి.

పూర్తయింది. మొత్తం చావులు 9, ఆరిపోవడం 0, లేవని జంపు 0. ఆఖర్న స్విచ్ దగ్గర మళ్లీ కొలిస్తే 0.04 వోల్టు. ఎడమ భుజం బటన్ మీద ఇరుసు కొంచెం పైకి లేచి ఉంది, ఈ ఆటలో దాని అవసరం రాలేదు కాబట్టి డబ్బా మళ్లీ తెరిచినప్పుడు చూడాలి.